నడిసముద్రంలో క్రిస్మస్ విందు: సరుకుల ఓడ మీద ఏర్పాట్లు ఎలా చేయాలి

సరుకుల ఓడకు పండగ సెలవు లేదు. డిసెంబర్ 25న కూడా ఇంజన్ తిరగాలి, బ్రిడ్జ్ (ఓడను నడిపే గది) మీద ఒకరు కళ్లు తెరుచుకుని నిలబడాలి. అందుకే ఓడ మీద క్రిస్మస్ ఏర్పాటు మెనూతో కాదు, వాచ్ లిస్టుతో, అంటే ఎవరు ఏ గంటల్లో డ్యూటీలో ఉంటారో చూపే పట్టికతో మొదలవ్వాలి. ఇరవై రెండు మంది ఉన్న ఓడలో ఇరవై మంది వేడివేడిగా తిని, వాచ్ దిగి వచ్చిన ఇద్దరు చల్లారిన ప్లేటు ముందు కూర్చుంటే అది విందు అనిపించుకోదు.

పన్నెండు నుంచి నాలుగు వాచ్ వాళ్లకు 11:30కే వడ్డించాలి. ఎనిమిది నుంచి పన్నెండు వాళ్లు బాధ్యత అప్పగించి కిందికొచ్చేసరికి 12:10 అవుతుంది. కాబట్టి మధ్యాహ్నం విందును 11:30 నుంచి 13:30 దాకా సాగదీసి, రెండో పళ్లాన్ని ఓవెన్‌లో వేడిగా ఉంచాలి. రాత్రి విందు కన్నా ఇదే మేలు. చీకటి పడ్డాక బ్రిడ్జ్ మీద ఆఫీసరుతోపాటు సముద్రాన్ని గమనించే లుకౌట్ మనిషి కూడా ఉండి తీరాలి, అంటే బల్ల దగ్గర మరో కుర్చీ ఖాళీ. కెప్టెన్ ఒక గంట తానే వాచ్ తీసుకుని మేట్‌ను (వాచ్‌లో ఉన్న ఆఫీసరును) భోజనానికి పంపడం మంచి పద్ధతే. అయితే అప్పగింత నోటిమాటతో పోకూడదు, లాగ్‌బుక్‌లో రాయాలి.

సరుకు, కరిగించడం

పండగ సరుకును డిసెంబర్ రేవు మీద ఆధారపడి వదిలేయకండి. చలికాలం గాలివానకు ఓడ రేవు బయటే లంగరు వేసుకుని నాలుగు రోజులు ఆగిపోవచ్చు, ఓడలకు సరుకు అమ్మే చాండ్లర్ పడవ రాకపోవచ్చు. నవంబర్‌లో తగిలే రేవులోనే తీసుకుని, మాంసం గదిలో మైనస్ 18 డిగ్రీల దగ్గర, వెనక అరలో, పేరు రాసి పెట్టాలి. పేరు రాయని పెట్టె డిసెంబర్ 10కే కూరలోకి వెళ్లిపోతుంది.

టర్కీ కోడి ఎముకతో మనిషికి అర కిలో చొప్పున లెక్కేస్తే ఇరవై రెండు మందికి 11 కిలోలు. 11 కిలోల కోడి ఒక్కటి కొనకుండా 5.5 కిలోలవి రెండు తీసుకోవాలి. త్వరగా కరుగుతాయి, ఓవెన్‌లో పడతాయి, రెండో విడత వాళ్లకు ఒకటి ముట్టుకోకుండా మిగులుతుంది. బంగాళాదుంపలు మనిషికి పావు కిలో చాలు.

ఎక్కువగా చెడేది కరిగించే దగ్గరే. 4 డిగ్రీలున్న కూరగాయల గదిలో ప్రతి రెండు, రెండున్నర కిలోలకు ఒక రోజు పడుతుంది. 5.5 కిలోల కోడికి దాదాపు మూడు రోజులు, అంటే 22 ఉదయమే బయటికి తీయాలి. లోతైన ట్రేలో, అన్నిటికన్నా కింది అరలో, కదలకుండా కట్టి పెట్టాలి. పై అరలో ఉంటే ఓడ ఊగినప్పుడు మాంసం కరిగిన నీళ్లు పచ్చి కూరగాయల మీదికి కారతాయి. మరిచిపోయి 24 రాత్రి గ్యాలీ (ఓడ వంటగది) బల్ల మీద వదిలేస్తే పైభాగం వెచ్చబడి సూక్ష్మజీవులు పెరుగుతాయి, లోపల మంచు అలాగే ఉంటుంది. కాల్చాక చర్మం ఎర్రగా, ఎముక దగ్గర పచ్చిగా తేలుతుంది. ఆలస్యమైతే ఒకటే దారి: కవరు తీయకుండా చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. ఆరు గంటల్లో కరుగుతుంది, వెంటనే వండేయాలి.

ఓవెన్ 165 డిగ్రీల దగ్గర, కోడి లోపల ఏదీ కూరకుండా, మూడు నుంచి మూడు ముప్పావు గంటలు. గడియారాన్ని నమ్మకండి. తొడలో మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి.

వంటవాడికీ విశ్రాంతి లెక్క ఉంది. సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో 77 గంటలు. ఆ పది గంటలను రెండు భాగాలకు మించి విడగొట్టకూడదు, ఒక భాగం ఆరు గంటలైనా ఉండాలి. తెల్లవారుజామున నాలుగుకు లేచి రాత్రి పదకొండు దాకా నిలబడితే ఈ లెక్క తప్పుతుంది, నిద్రలేని చేతిలో కత్తి కూడా తప్పుతుంది. పుడ్డింగు, కేకు మూడు వారాల ముందే చేసి పెట్టుకోవాలి. కూరగాయలు తరగడం 24 సాయంత్రానికల్లా అయిపోవాలి, డెక్ నుంచి ఒక మనిషిని సాయం అడగాలి.

ఓడ ఊగినప్పుడు

పొయ్యి మీద అడ్డుకడ్డీలు బిగించి, గిన్నెల్లో సగానికి మించి నింపకుండా వండాలి. కాల్చే ట్రే పొడవు ఓడ పొడవు వెంట ఉండాలి. ఓడ పక్కలకు ఊగుతుంది కాబట్టి ట్రే అడ్డంగా ఉంటే కొవ్వు పరుగెత్తుకొచ్చి ఓవెన్ తలుపు దగ్గర ఒలుకుతుంది. కారిన కొవ్వు వేలి మందం చేరకముందే గరిటెతో తోడేయాలి. బరువైన ట్రే బయటికి తీసేముందు బ్రిడ్జ్‌కి ఫోన్ చేసి, ఆ పది నిమిషాల్లో దిశ మార్చే పని ఉందేమో అడగాలి. బ్రిడ్జ్ వాళ్లూ మలుపు ముందు గ్యాలీకి చెప్పాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే నూనెలో వేయించే వంటకాలను నిర్మొహమాటంగా రద్దు చేయండి. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు: కరెంటు ఆపాలి, ఫైర్ బ్లాంకెట్ కప్పాలి, పొగగొట్టం డ్యాంపర్ (గాలిని ఆపే పలక) మూయాలి.

మెస్ (భోజనాల గది) బల్ల మీద గుడ్డను తడిపి పరిస్తే ప్లేట్లు జారవు. సూప్ కావాలంటే కప్పుల్లో, సగం వరకే.

మద్యం సంగతి కెప్టెన్‌తో ముందే తేల్చుకోవాలి. ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణ, వాచ్ ప్రమాణాల అంతర్జాతీయ ఒప్పందం) నియమం రక్తంలో ఆల్కహాల్‌ను 0.05 శాతం దాటనివ్వదు, చాలా కంపెనీలు అసలే ఒప్పుకోవు. ఎండుపళ్లను నారింజ రసంలో నానబెట్టినా కేకు బాగుంటుంది, కానీ నిల్వ తక్కువ. అలాంటిది నాలుగు రోజుల ముందే చేసి చల్లగా ఉంచాలి. పుడ్డింగు మీద బ్రాందీ వెలిగించడం ఓడ మీద వద్దు.

ఎవరి పండగ ఎప్పుడో క్రూ లిస్టు చూస్తే తెలియదు, అడిగి తెలుసుకోవాలి. ఫిలిప్పీన్స్ వాళ్లకు 24 అర్ధరాత్రి భోజనమే అసలు పండగ. రష్యన్ ఆర్థడాక్స్ క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. పంది మాంసం తినని వాళ్లకు, శాకాహారులకు వేరే పాత్రలు, వేరే గరిటెలు పెట్టాలి. మిగిలిన గ్రేవీలో కూరగాయలు వేసి శాకాహారం అనడం నమ్మకద్రోహం.

పసిఫిక్‌లో ఉంటే తేదీ రేఖ చూసుకోవాలి. పడమటికి దాటితే ఒక రోజు ఎగిరిపోతుంది, తూర్పుకు దాటితే అదే తేదీ రెండుసార్లు వస్తుంది. ఏ రోజు తేదీ మార్చాలో నిర్ణయించేది కెప్టెన్. 25 మాయం కాకుండా 23నో 26నో మార్చమని ముందే అడగండి.

చెట్టు, దీపాలు, ఇల్లు

పచ్చ పాలీప్రొపిలిన్ తాడు పురులు విప్పి కర్రకు కడితే చక్కటి చెట్టవుతుంది. అది తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి వేడి దీపాలు కాక ఎల్‌ఈడీలే వాడాలి. ఓడ కరెంటు ఎర్త్‌కు, అంటే ఓడ ఇనుప దేహానికి, కలపకుండా నడుస్తుంది. చవక దీపాల తీగ తొక్క చెడితే కరెంటు ఆ ఇనుముకు కారుతోందని ఎర్త్ ఫాల్ట్ అలారం మోగి, ఎలక్ట్రీషియన్ పండగంతా దాన్ని వెతకడంలోనే గడిచిపోతుంది. ఓల్టేజీ సరిచూసి, ఆయన చేత ఇన్సులేషన్ పరీక్ష చేయించాకే తగిలించాలి. తప్పించుకునే దారికి అడ్డం రాకూడదు, స్మోక్ డిటెక్టర్‌ను కప్పకూడదు. బయట తగిలిస్తే నావిగేషన్ దీపాలని పొరబడేలా ఉండకూడదు. ఇది ఓడలు ఢీకొనకుండా చేసిన అంతర్జాతీయ నియమాల్లో 20వది. మాస్ట్ (ఓడ మీది ఎత్తయిన స్తంభం) మీద చెట్టు కట్టే పాత ఆచారం పాటించాలంటే ఎత్తు పనికి పర్మిట్ రాసి, రాడార్ ఆపి, విజిల్ (ఓడ హారన్) కరెంటు తీసి, బెల్టు కట్టుకునే ఎక్కాలి.

ఒకప్పుడు క్రిస్మస్ శుభాకాంక్షలు ఇంటికి చేరాలంటే రేడియో ఆఫీసరు ఇంగ్లండ్‌లో ఓడల సందేశాలు అందుకునే పోర్టిస్‌హెడ్ రేడియో వరుసలో గంటల తరబడి కాచుకునేవాడు. ఆ స్టేషన్ 2000లో మూతపడింది. ఇప్పుడు ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంది. సిబ్బందికి వీలైనంతవరకు ఇంటర్నెట్ ఇవ్వాలన్న సవరణ సముద్ర కార్మికుల ఒప్పందంలో 2024 డిసెంబర్ 23 నుంచి అమల్లో ఉంది. కానీ అందరూ ఒకేసారి వీడియో పెడితే ఎవరి ముఖమూ కనబడదు. ఇళ్ల దగ్గర టైమును బట్టి, మనిషికి ఇరవై నిమిషాల చొప్పున పట్టిక రాసి మెస్‌లో అంటించాలి. మొదటిసారి ఓడెక్కిన కుర్రాడికి మంచి సమయం ఇవ్వాలి. ఫోన్ పెట్టేశాక క్యాబిన్ తలుపు వేసుకునేవాళ్లను అలా వదిలేయకుండా వెళ్లి పలకరించాలి.

మిగిలిన మాంసాన్ని రెండు గంటల్లోపు లోతు తక్కువ గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో ముగించాలి. ఎంగిలి ఆహారాన్ని 25 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడలో దిగేలా నూరితే, నడుస్తున్న ఓడ నుంచి తీరానికి 3 నాటికల్ మైళ్ల ఆవల వేయవచ్చు. నూరకపోతే 12 మైళ్లు దాటాలి. కాలుష్య నియమాలు మరింత కఠినంగా ఉండే ప్రత్యేక సముద్ర ప్రాంతాల్లో నూరినా 12 మైళ్లు దాటాకే. వంట నూనె, కానుకల ప్లాస్టిక్ కాగితాలు సముద్రంలో ఎక్కడా వేయకూడదు. వాటిని విడిగా కట్టి రేవులో దించాలి, చెత్త రికార్డు పుస్తకంలో తేదీ, స్థానం, పరిమాణం అదే రోజు నింపాలి.