తుఫానుకు ముందు నుంచి కరెంటు తిరిగి వచ్చేదాకా: కోస్తా వాసులు పాటించవలసిన జాగ్రత్తలు

అక్టోబరు వచ్చిందంటే కోస్తాలో విద్యుత్తు సిబ్బందికీ, రైతులకూ, చెరువుల వారికీ కంటిమీద కునుకుండదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, అన్నీ అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చినవే. గాలి గురించి, వాన గురించి హెచ్చరికలు ఇప్పుడు ఊరూరికీ ముందుగానే చేరుతున్నాయి. కరెంటు గురించి చేరే హెచ్చరిక మాత్రం ‘తెగిన తీగలను ముట్టుకోవద్దు’ అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోతోంది. సబ్‌స్టేషన్లలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నేను గమనించినదేమంటే, గాలి వీచే ఆ కొద్ది గంటలలో కంటే, గాలి తగ్గాక కరెంటు తిరిగి వచ్చేదాకా గడిచే రోజులలోనే మనుషులు ఎక్కువ ఏమరుపాటుగా ఉంటారు.

ముందుగా లైన్లు ఎందుకు పడిపోతాయో తెలుసుకోవడం అవసరం. గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగింతలవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు దాదాపు 38 కిలోల బరువుతో నెడితే, 180 కిలోమీటర్ల గాలి సుమారు 150 కిలోల బరువుతో నెడుతుంది. టవర్లను ఆ ప్రాంతపు గాలి లెక్కల ప్రకారమే కట్టినా, ఎగిరివచ్చిన రేకులు, ఒరిగిన చెట్లు, వాననీటికి మెత్తబడిన పునాదులు ఆ లెక్కలను తారుమారు చేస్తాయి. ఒక టవరు కూలితే దాని తీగల లాగుడుకు పక్క టవర్లూ వరుసగా వంగిపోవచ్చు. అందుకే ఇప్పుడు ట్రాన్స్‌మిషన్ సంస్థలు విడిభాగాలుగా లారీలో తెచ్చి, తాళ్లతో బిగించి నిలబెట్టగల తాత్కాలిక టవర్లను సిద్ధంగా ఉంచుకుంటున్నాయి. వాటివల్ల వారాలు పట్టే పని రోజుల్లో పూర్తవుతుంది. హుద్‌హుద్ తరువాత విశాఖలో భూగర్భ కేబుళ్లు వేయడం కూడా ఇలాంటి అనుభవం నేర్పిన మార్పే. కేబులుకు గాలి భయం లేదు గాని, లోపం ఎక్కడుందో వెతకడానికి ఎక్కువ సమయం పడుతుంది. రోడ్డు పక్కనుండే దాని స్విచ్ పెట్టెలు నీట మునిగితే అదొక కొత్త ప్రమాదం. కనుక కేబుళ్లున్న వీధుల వారు పైన తీగలు లేవు కదా అని వరద నీటిలో ఆ పెట్టెల దగ్గరికి వెళ్లకూడదు.

పెద్ద లైన్ల విషయంలో మన దక్షిణాదికి సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తర భారతం వరుసగా రెండు రోజులు చీకటైనప్పుడు, రెండో రోజున 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతానికి సరఫరా ఆగిపోయింది. బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను మీద భారం పెరిగి అది ట్రిప్పవడంతో, అంటే తనంతట తానే ఆగిపోవడంతో, ఆ గొలుసు మొదలైంది. దక్షిణ గ్రిడ్‌కు ఆ దెబ్బ తగలలేదు, ఎందుకంటే అప్పటికి మన గ్రిడ్ మిగతా దేశంతో గాజువాకలో ఉన్నటువంటి హెచ్‌వీడీసీ కేంద్రాల (ఏసీ కరెంటును డీసీగా మార్చి పంపుతూ, ఒకవైపు ఒడిదుడుకులు రెండో వైపుకు పాకకుండా చూసే కేంద్రాల) ద్వారానే కలిసి ఉంది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. దానివల్ల మనకు కరువులోనూ, తుఫానులోనూ ఇతర రాష్ట్రాల నుంచి విద్యుత్తు అందుతుంది; అదే సమయంలో ఒకచోటి ఆటుపోటు ఇంకోచోటికి పాకే అవకాశమూ పెరిగింది. తుఫాను తీరం దాటే వేళ గ్రిడ్ నిర్వాహకులు కొన్ని ఫీడర్లను (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు మోసే లైన్లను) ముందుగానే ఆపివేస్తే, అది జనం మీద నిర్లక్ష్యంతో కాదు. తెగిపడిన తీగలో కరెంటు ఉండకుండా చూడటానికీ, ఒక్కసారిగా వాడకం పడిపోయి గ్రిడ్ ఊగిపోకుండా కాపాడటానికీ అలా చేస్తారు. ఆ గంటల్లో సబ్‌స్టేషన్‌కు పదేపదే ఫోను చేసి సరఫరా ఇమ్మని ఒత్తిడి తేవడం మానుకోవాలి.

తీరప్రాంతపు లైన్లకు గాలితో పాటు ఉప్పు కూడా శత్రువే. తుఫాను గాలి సముద్రపు తుంపరను మైళ్ల దూరం మోసుకొస్తుంది. షట్‌డౌన్ తీసుకున్నాక, తీగలోని కరెంటు స్తంభంలోకి పోకుండా అడ్డుపడే ఇన్సులేటరు పింగాణీ కప్పు మీద వేలితో రాస్తే, ఆ ఉప్పు ముగ్గుపిండిలా తెల్లగా అంటుకుంటుంది. జోరువాన దాన్ని కడిగేస్తుంది కాబట్టి భయం తక్కువ. సన్నని తుంపర, తెల్లవారుజామున మంచు పడినప్పుడే ఆ ఉప్పు తడిసి కరెంటుకు దారి ఇస్తుంది. అప్పుడు చీకట్లో కప్పుల అంచుల మీద నీలి వెలుగు పాకుతూ కనిపిస్తుంది, వేపుడు మూకుట్లో నీటి చుక్క పడ్డట్టు చిటపటమంటుంది. ఇటువంటి చోట్లకు ఉప్పు గాలి లెక్కతో ఒక్కో కిలోవోల్టుకు 31 మిల్లీమీటర్ల చొప్పున ఉపరితల దూరం (కప్పుల మీదుగా కరెంటు పాకవలసిన దూరం) ఉండేలా పొడవైన ఇన్సులేటర్లను ఎంచుకుంటారు. నీటిని నిలవనీయని సిలికోన్ రబ్బరు ఇన్సులేటర్లూ ఇప్పుడు విరివిగా వాడుతున్నారు. మీ ఇంటి దగ్గరి స్తంభం మీద రాత్రివేళ ఆ వెలుగూ శబ్దమూ గమనిస్తే, ఆ స్తంభాన్నీ దాన్ని నేలకు లాగి పట్టే స్టే వైరునూ ఎవరూ తాకకుండా చూసి, 1912 నంబరుకు ఫోను చేసి స్తంభం నంబరు చెప్పండి.

గాలికి ముందే చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. కొబ్బరి, నీలగిరి, సుబాబుల్ వంటి ఎత్తు చెట్లు లైను కింద పెరిగితే వాటిని సొంతంగా నరకకుండా లైన్‌మన్‌కు చెప్పి, లైన్ క్లియర్ (ఆ లైనులో సరఫరా ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకున్నాకే కొట్టించాలి. పెద్ద లైన్ల కింద 132 కిలోవోల్టులకు 27 మీటర్లు, 220కి 35, 400కి 46 మీటర్ల వెడల్పున దారి వదలాలన్న నిబంధన ఉంది. ఆ పరిధిలో గడ్డివాములు, రేకుల షెడ్లు వేసినవారు ఇప్పుడైనా తీసివేయాలి, ఎందుకంటే ఆ ఎగిరే రేకే ఆ ఊరికి వారం చీకటి తెస్తుంది. పొలం మోటారు స్టార్టరును ఆపి, వీలైతే ఫ్యూజులు తీసి పెట్టాలి. అపార్టుమెంటు సెల్లారులో మీటరు బోర్డు ఉంటే, నీరు లోపలికి రాకముందే మెయిన్ ఆపాలి; నీరు చేరాక దాన్ని ఆపడానికి అందులోకి దిగకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలుచుకున్నది జనరేటర్ల గురించి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల వారికి నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే కొన్ని గంటల్లో పంట పోతుంది, ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ మెయిన్ ఆపకుండా జనరేటరు తీగను ఇంటి ప్లగ్గులో గుచ్చితే, ఆ కరెంటు మీటరు దాటి బయటకు వెళ్లి, వీధి ట్రాన్స్‌ఫార్మరులోకి వెనుకనుంచి ఎక్కుతుంది. ఇంటి స్థాయి వోల్టేజి అక్కడ వేల వోల్టులుగా మారి తీగలోకి పోతుంది. ఒకసారి తుఫాను తరువాత ఒక ఊళ్లో మా సిబ్బంది లైన్ క్లియర్ తీసుకుని స్తంభం ఎక్కబోతూ, పద్ధతి ప్రకారం, తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్‌ను తీగకు తాకించారు. సబ్‌స్టేషన్‌లో ఆ ఫీడరు ఆఫ్‌లోనే ఉంది. అయినా టప్పున నిప్పు రవ్వ లేచింది. రెండు వీధుల అవతల ఒక ఇంటి జనరేటరు మోగుతోంది. ఆ రాడ్ తాకించకుండా స్తంభం ఎక్కి చెయ్యి వేసి ఉంటే, మా సిబ్బందిలోని కుర్రాడు ప్రాణాలతో దిగేవాడు కాదు. కాబట్టి జనరేటరు ఉన్నవారు తప్పనిసరిగా చేంజోవర్ స్విచ్ (ఇంటిని ఒకసారికి లైనుకో, జనరేటరుకో ఒక్కదానికే కలిపే స్విచ్) పెట్టించుకోవాలి. అది లేకపోతే ఫ్యాన్లు, ఏరియేటర్లను విడి తీగతో నేరుగా జనరేటరుకే కలపాలి. గ్రిడ్‌కు అనుసంధానించిన పైకప్పు సౌర ఇన్వర్టర్లు సరఫరా పోగానే వాటంతటవే ఆగిపోయేలా ఉంటాయి. బ్యాటరీ కలిపిన వాటిలో ఆ అమరిక సరిగా ఉందో లేదో సీజనుకు ముందే పరీక్ష చేయించండి. జనరేటరును గదిలో, మూసిన వరండాలో నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువు వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

నేల మీద పడిన తీగ మెరవకపోయినా, చప్పుడు చేయకపోయినా, దానిలో కరెంటు ఉన్నట్టే లెక్కించాలి. ఎండిన నేల, ఇసుక, తారు రోడ్డు మీద పడిన తీగ నుంచి భూమిలోకి పోయే కరెంటు ఎంతో తక్కువ కావడంతో, సబ్‌స్టేషన్‌లో లోపాన్ని గుర్తించి సరఫరా ఆపించే రిలే దాన్ని పసిగట్టలేకపోవచ్చు. ట్రిప్పయిన ఫీడరును పరీక్షించడానికి తిరిగి చార్జ్ చేయడమూ మామూలే. అప్పటిదాకా నిద్రపోయినట్టున్న తీగ ఆ క్షణంలో లేస్తుంది. కనీసం పది మీటర్ల దూరంలో ఉండి, పశువులను, పిల్లలను అటు రాకుండా ఆపండి. అప్పటికే దగ్గరగా వెళ్లిపోయి ఉంటే పరుగెత్తకండి. రెండు పాదాలు దగ్గరగా ఉంచి, నేల మీద నుంచి పైకెత్తకుండా కొంచెం కొంచెంగా జరుగుతూ వెనక్కి రండి, ఎందుకంటే పాదానికీ పాదానికీ మధ్య దూరం పెరిగిన కొద్దీ ఒంటి గుండా పోయే కరెంటు పెరుగుతుంది. ఎవరైనా దానికి చిక్కుకుంటే, కర్రతో తోయడం కన్నా ముందు సరఫరా ఆపించడమే పని.

పునరుద్ధరణ ఎప్పుడూ పైనుంచి కిందికి సాగుతుంది: పెద్ద టవర్ల లైన్లు, తరువాత 33 కిలోవోల్టుల సబ్‌స్టేషన్లు, వాటి 11 కిలోవోల్టుల ఫీడర్లు, ఆసుపత్రులు, తాగునీటి పంపులు, ఆ తరువాతే వీధులు. పక్క వీధికి వచ్చి మీకు రాకపోతే, మీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని మిగిలి ఉందని అర్థం. స్వయంగా ఫ్యూజు వేయబోకండి. వెలుగు వచ్చిన వెంటనే ఫ్రిజ్, మోటారు, టీవీ అన్నీ ఒకేసారి వేయకుండా, ముందుగా ఒక్క బల్బు వేసి చూడండి. అది మామూలుకంటే మిరుమిట్లు గొలిపేలా వెలిగినా, ఒకటి మసకగా ఇంకొకటి తెల్లగా ఉన్నా, ఎక్కడో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిందని గుర్తించి, వెంటనే మెయిన్ ఆపి, లైన్‌మన్ వచ్చేదాకా ఏదీ వేయకండి.