నలభై దాటాక పద్యం పట్టుకున్నవాళ్ళకి వచ్చే ఇబ్బందులు, వాటి రిపేర్లు

మన హైదరాబాద్‌లో ఆఫీసు, ఈఎంఐలు, పిల్లల కోచింగ్ అన్నీ చూసుకుని రాత్రి పదింటికి పద్యం రాసుకోడానికి కూర్చునేవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళంటే నాకు చాలా గౌరవం. నాకు ప్రతిభ లేదేమో అని దిగులుపడుతుంటారు గానీ చాలావరకు అది కాదు, ఎక్కడో చిన్న తేడా కొడుతుంటుంది అంతే.

సమస్య: పద్యం నోటికి బాగానే ఉంది, విన్నవాళ్ళేమో "గణం తప్పింది సార్" అంటున్నారు.

గణం అంటే గురువులు, లఘువులతో కట్టే చిన్న గుంపు. దీర్ఘాలు, సున్నా ఉన్నవి, ఒత్తక్షరానికి ముందువి గురువులు, మిగతా పొట్టి అక్షరాలు లఘువులు. అది తప్పడానికి కారణం ఏంటంటే మాట్లాడేటప్పుడు దీర్ఘాన్ని కుదించేస్తాం, కాగితం మీద మాత్రం దీర్ఘమే పెడతాం. ఆటవెలదే తీసుకోండి, 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. "చెట్టు కింద బెంచీ చిక్కడపల్లిలో" అని మొదటి పాదం రాశారనుకోండి. చెట్టు అంటే గురువు, లఘువు, సూర్యగణమే. కింద, అదీ సరే. బెంచీ దగ్గర రెండూ గురువులే పడ్డాయి, సూర్యగణం అంటే ఒక గురువు ఒక లఘువు గానీ మూడు లఘువులు గానీ ఉండాలి కదా, బండి అక్కడ ఆగింది. బెంచి అని కుదించినా సరిపోతుంది, నన్నడిగితే "బల్ల" అనండి, ఇంకా హాయిగా ఉంటుంది. తర్వాత చిక్కడ భగణం (గురువు, లఘువు, లఘువు), పల్లిలో రగణం (గురువు, లఘువు, గురువు), రెండూ ఇంద్రగణాలే. యతి కూడా చూడండి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం, ఇక్కడ చె కి చి, ఎకార ఇకారాలకి మైత్రి ఉంది కాబట్టి చక్కగా పడింది.

ఇప్పుడు అది మర్రిచెట్టు అని చెప్పాలనిపించి "మర్రి కింద" అని మార్చారు, గణం చెడదు గానీ మ కి చి కి కుదరదు, యతి పోయింది. మర్రే కావాలంటే ఊరు మార్చేయండి: "మర్రి కింద బల్ల మౌలాలి గుట్టపై". మ కి మౌ సరిపోతుంది, మౌలాలి తగణం (గురువు, గురువు, లఘువు, ఇదీ ఇంద్రగణమే), గుట్టపై రగణం. గణాలు విడగొట్టి చూపించే సాఫ్ట్‌వేర్ నెట్‌లో ఉంది, వాడుకోండి, కానీ ముందు పెన్సిల్‌తో మీరే గురులఘువులు పెట్టుకుని, తర్వాత దాంతో సరిచూసుకోండి, చెవి అలాగే తయారవుతుంది.

సమస్య: ఇంట్లో ఎవరూ వినరు. పద్యానికి ముందు పావుగంట నేపథ్యం చెప్తాం, అదీ ఆవిడ ఒక చేత్తో పాలగిన్నె దించుతూ ఇంకో చేత్తో పిల్లాడి బాక్సు మూత పెడుతున్నప్పుడు. "ఏవండీ, తర్వాత వింటాను" అంటే అది నిజంగానే తర్వాత అని. రాత్రి భోజనాలయ్యాక ఒక్కటే పద్యం, అర్థం వాళ్ళు అడిగితేనే చెప్పండి.

సమస్య: సాహిత్య సభలు జరిగే గానసభలోనో సారస్వత పరిషత్తులోనో మైకు ముందు నిలబడగానే రెండో పాదం కనపడదు.

భయం అనుకుంటారు, కాదండీ, చత్వారం. నలభై దాటాక కంట్లో లెన్సు గట్టిపడి దగ్గరవి మసకబారతాయి, ప్రోగ్రెసివ్ కళ్ళద్దాల్లో చదివే భాగం కిందవైపు ఉంటుంది, మనమేమో కాగితాన్ని మైకు ఎత్తుకి లేపి పట్టుకుంటాం, దాంతో దూరం చూసే భాగంలోంచి చదువుతున్నట్టు అవుతుంది. కాగితం ఛాతీ దగ్గరకి దించండి, అక్షరాలు 20 పాయింట్లకి పెంచి ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో చదివేవాళ్ళు స్క్రీన్ ఆరిపోయే టైమ్ పెంచుకోండి, మధ్యలో లాక్ పడితే పాపం పద్యం విరిగిపోతుంది. అన్నిటికంటే మంచిది కంఠతా పట్టడం, యతిప్రాసలు ఉన్నాయంటే అవి గుర్తుండటానికి కూడా పనికొస్తాయి.

సమస్య: పుస్తకం వేద్దామని వాట్సాప్‌లో పద్యాలు పంపితే డీటీపీలో పిచ్చి గీతలు వచ్చాయి.

మనం ఫోన్‌లో కొట్టేది యూనికోడ్, చాలా షాపుల్లో ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతారు, రెండిటికీ పొత్తు కుదరదు. యూనికోడ్‌లోనే పేజీలు చేసేవాళ్ళ దగ్గరకి వెళ్ళండి, లేదా కన్వర్టర్‌తో మార్పించుకోండి. మార్పించాక ప్రూఫు మాత్రం ఇంకొకరికి వదలొద్దు, ఱ, అరసున్న, మూడక్షరాల సంయుక్తాలు, పాదం ఎక్కడ విరిగిందో, ఇవన్నీ వేలు పెట్టుకుని మీరే చూసుకోండి, షాపులో కూర్చునైనా సరే.