ప్రేమతో విశ్వాసాన్ని పంచుకోవడం ఎలా?

కథోలిక విశ్వాసాన్ని ఇతరులతో పంచుకోవాలని కోరుకునేవారు ముందుగా తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఈ మనిషి ఎన్నటికీ నా మాట వినకపోయినా, దేవాలయంలో అడుగు పెట్టకపోయినా, నేను ఇదే ఆప్యాయతతో ఈ ఇంటికి వస్తూ ఉంటానా?" వస్తానని మనసు నిజాయితీగా చెప్పినప్పుడే మాట్లాడే అర్హత కలుగుతుంది. అలా చెప్పలేకపోతే ఆ మనిషి కోసం మరికొంత కాలం ప్రార్థించడమే మంచిది. కొరింతీయులకు రాసిన రెండవ లేఖ ఐదవ అధ్యాయంలో పునీత పౌలు గారు తనను నిలవనీయకుండా నడిపిస్తున్నది క్రీస్తు ప్రేమేనని చెప్పారు. ఆ ప్రేమ లేనిదే సువార్త పని మొదలుకాదు.

ప్రేమ ఉన్నచోట ఎదుటివారి స్వేచ్ఛకు గౌరవం కూడా ఉంటుంది. ప్రపంచంలోని కథోలిక పీఠాధిపతులు (బిషప్పులు) సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ, శ్రీసభ (కథోలిక సంఘం) ప్రేషిత కార్యాన్ని, అంటే సువార్తను చాటే పనిని, గురించిన పత్రాన్ని, మతస్వేచ్ఛను గురించిన ప్రకటనను ఒకే రోజున, 1965 డిసెంబరు 7న, వెలువరించింది. ఆ రెండింటినీ ఎప్పుడూ కలిపే చదువుకోవాలి. మనస్సాక్షికి విరుద్ధంగా ఎవరినీ కథోలిక విశ్వాసంలోకి బలవంతపెట్టకూడదని శ్రీసభ చట్టం 748వ సూత్రం స్పష్టంగా చెబుతుంది. మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కును ఇచ్చినా, మరొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. చట్టం ఉందని భయపడి కాకుండా, ప్రేమించినవారిని ఒత్తిడి పెట్టలేం గనుక మనం ఈ హద్దును పాటించాలి.

ఈ విషయం నేను ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను. మా పక్కింటి బాబాయిగారు పక్షవాతంతో ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో పిన్నిగారికి రోజూ భోజనం పట్టుకెళ్లేదాన్ని. మూడో రోజున క్యారియర్ పైగిన్నె మూత మీద ఒక ప్రార్థన కరపత్రం మడిచి పెట్టాను. ఆమె దాన్ని తీసి చూసి, మళ్లీ అదే మడతలో పెట్టి, "రేపటి నుంచి మా తమ్ముడు క్యాంటీన్‌లో తెస్తాడులేమ్మా" అన్నారు. అన్నం పెట్టిన చేతిని ఆమె అంతవరకు నమ్మారు. ఆ కాగితంతో నేను ఆ అన్నానికి వెల కట్టినట్టయింది. మర్నాడు ఉత్త చేతులతో వెళ్లి, క్షమించమని అడిగి, ఆమె స్నానం చేసి వచ్చేవరకు బాబాయిగారి మంచం పక్కన కూర్చున్నాను. నెల దాటాక, వరండాలో నా చేతిలోని జపమాల చూసి, "ఆ పూసలు తిప్పుతూ ఏమనుకుంటావమ్మా?" అని ఆమే అడిగారు. పూసకొక మంగళవార్త జపం, అంటే మరియమాతకు చేసే చిన్న ప్రార్థన, చెబుతామని, అలా చెప్పుకుంటూ క్రీస్తు జీవితంలోని ఒక్కొక్క ఘట్టాన్ని తలుచుకుంటామని, అందులో బాబాయిగారి పేరు కూడా ఉంటుందని చెప్పాను. ఆ రోజుకు అంతకంటే ఏమీ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేకపోయింది.

పదహారవ బెనెడిక్టు పోపుగారు 2005లో ప్రేమను గురించి శ్రీసభకంతటికీ రాసిన విశ్వలేఖలో సరిగ్గా ఈ సంగతినే బోధించారు: సేవను మతంలోకి తీసుకురావడానికి సాధనంగా వాడకూడదు, దేవుని గురించి ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మౌనంగా ఉండి ప్రేమనే మాట్లాడనివ్వాలో క్రైస్తవునికి తెలిసి ఉండాలి. కనుక బియ్యం బస్తా ఇచ్చినా, ఫీజు కట్టినా, ఆ సహాయంతో పాటు ప్రార్థనకు పిలుపు పంపకండి. ఈ రెండింటి మధ్య వ్యవధి ఉండాలి.

మాట్లాడే సమయం వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలో తెలుసుకోవడానికి లూకా సువార్త 24వ అధ్యాయంలోని ఎమ్మావు దారిని మించిన పాఠం నాకు కనిపించలేదు. దుఃఖంతో నడుస్తున్న ఇద్దరు శిష్యులను కలుసుకున్న యేసు మొదట ఏమీ బోధించలేదు; దేనిని గురించి మాట్లాడుకుంటున్నారని అడిగి, వారి నిరాశనంతా చివరి వరకు విన్నారు. ఆ తరువాతే లేఖనాలు విప్పి చెప్పారు. ఊరు దగ్గర పడ్డాక ముందుకు సాగిపోబోతున్నట్టు కనిపించారు. పొద్దు గుంకుతోంది, మాతో ఉండండి అని వారు బతిమాలితేనే లోపలికి వెళ్లారు. మనం కూడా అడగాలి, వినాలి, గుమ్మం దగ్గర ఆగాలి. వినడమంటే మన వంతు కోసం కాచుకుని కూర్చోవడం కాదు. ఎదుటివారి కొడుకు పేరు, వారి ఇంటి పెద్దాయన మందుల వేళ గుర్తుండేలా వినడం.

అడిగినప్పుడు చెప్పే జవాబు చిన్నదిగా ఉండాలి. మన నిరీక్షణకు కారణం అడిగినవారికి సాత్వికంతో, గౌరవంతో చెప్పాలని పేతురు గారి మొదటి లేఖ మూడవ అధ్యాయం నేర్పుతుంది. నా జీవితంలో క్రీస్తు ఏం చేశాడో ఐదు నిమిషాల్లో చెప్పగలగాలి. దానికోసం ముందుగా ఇంట్లో రాసి చూసుకోవడం తప్పు కాదు. వారి దేవుళ్లను, వారి పూజలను తక్కువ చేసే మాట ఒక్కటి కూడా రాకూడదు. దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం), పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) వంటి మన మాటలు బయటివారికి అర్థం కావు కాబట్టి వాటిని మామూలు మాటల్లో విప్పి చెప్పాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మాత్రం ఏ వివరణా ఇవ్వకండి; పక్కన కూర్చోండి.

నేటి మనిషి బోధకుల కంటే సాక్షుల మాటనే ఇష్టంగా వింటాడని ఆరవ పౌలు పోపుగారు 1975లో రాశారు. పని మనిషికి జీతం ఆలస్యం చేసే ఇంటి నుంచి, గుడిలో పక్కన కూర్చున్నవారి కులం ఆరా తీసే నోటి నుంచి వచ్చే సువార్తను ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు. ఈ దోషం మన విచారణల్లో (ఒక్కో గురువు కింద ఉండే స్థానిక సంఘాల్లో) ఇంకా ఉందని బాధతోనే చెబుతున్నాను.

ఆహ్వానించడానికి తేలికైన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మాత ఉత్సవాలకు అన్ని మతాలవారూ వస్తారు. మీ స్నేహితురాలు వెళ్తానంటే తోడుగా కొండ ఎక్కండి, దారిలో ప్రసంగం చేయకండి. క్రిస్మస్ రాత్రి పూజకు పిలిస్తే ముందే ఒక విషయం మృదువుగా చెప్పాలి: దివ్యసత్ప్రసాదం స్వీకరించేది కథోలికులు మాత్రమే కనుక ఆ సమయంలో కూర్చునే ఉండవచ్చు. అది చెప్పకపోతే నలుగురిలో ఆమె ఇబ్బంది పడతారు.

ఎవరైనా తమంతట తామే జ్ఞానస్నానం కోరితే విచారణ గురువు దగ్గరకు తీసుకువెళ్లండి. పెద్దలకు జ్ఞానస్నానమిచ్చే క్రమంలో సత్యోపదేశం, అంటే విశ్వాసాన్ని గురించిన బోధన, చాలా నెలలు సాగుతుంది, సాధారణంగా ఈస్టర్ జాగరణ రాత్రితో ముగుస్తుంది. తొందరపెట్టవద్దు, కుటుంబంతో మాట్లాడుకునే సమయం ఇవ్వండి. వద్దన్నవారి ఇంటికి ఆ ఏడాది కూడా క్రిస్మస్ పిండివంటలు పంపించండి, సంక్రాంతికి వారిచ్చే అరిసెలు సంతోషంగా అందుకోండి, జపమాలలో వారి పేరును ఉన్నచోటనే ఉంచండి.