షాఫ్టు వెచ్చగా ఉండగానే కొలిచాం

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలోని మా మెషీన్ షాపు నుంచి వెళ్లిన 90 మి.మీ. వ్యాసం షాఫ్టులు (ఉక్కు ఇరుసులు) 10 మైక్రాన్లు తక్కువున్నాయని తిరిగొచ్చాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పంపేటప్పుడు మా రిజిస్టర్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొలిచే పరికరం మైక్రోమీటర్ మీదే అనుమానపడ్డాను. దాని మొహాల మధ్య తెల్లకాగితం బిగించి మెల్లగా లాగితే నల్లటి జిడ్డు గీత పడింది. రెండోసారి లాగితే కాగితం తెల్లగానే వచ్చింది. పరికరం సరిచూసే 75 మి.మీ. మాస్టర్ రాడ్ పెట్టి చూశాను, జీరో కదల్లేదు.

అప్పుడు మా అనంతపురం కుర్రాడు, "అన్నా, జాబు పట్టుకుని చూడు, ఇంకా వెచ్చగానే ఉంది" అన్నాడు. జాబు అంటే మేం చేస్తున్న షాఫ్టే. ఎంత మంచి మాట! గ్రైండింగ్ మెషీన్ మీంచి తీసీ తీయగానే కొలిచేస్తున్నాం. మీటరు ఉక్కు ఒక్క డిగ్రీకి దాదాపు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 90 మి.మీ.కి 10 డిగ్రీల తేడా అంటే దాదాపు 10 మైక్రాన్లు, మా తప్పు అంతే. వెచ్చగా ఉన్నప్పుడు సరిపోయిన షాఫ్టు చల్లారాక అంత తగ్గింది. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు.

ఇప్పుడు జాబునీ మాస్టర్‌నీ గ్రానైట్ పలక మీద పక్కపక్కనే రెండు గంటలు ఉంచాకే మైక్రోమీటర్ చేతికి తీసుకుంటున్నాం.