గోస్‌వైన్‌ష్టైన్‌కు ఒక రోజు: బవేరియా కొండ మీది పేటను, దాని యాత్రా గుడిని చూసి రావడం ఎలా?

జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో కొన్ని ఊళ్ల పేర్లకు ముందు ‘మార్క్ట్’ అని రాసి ఉంటుంది. మన సూర్యాపేట, జగ్గయ్యపేటల చివర ‘పేట’ ఉన్నట్టే ఇదీ. పాలకుల దగ్గర సంత పెట్టుకునే హక్కు సంపాదించుకున్న ఊరని అర్థం. పల్లెకు ఎక్కువ, పట్టణానికి తక్కువ. మనకు పేట అనేది పేర్లలోనే మిగిలింది గానీ, బవేరియాలో మార్క్ట్ అనే హోదా నేటికీ ప్రభుత్వ లెక్కల్లో ఉంది.

న్యూరెంబర్గ్‌కు ఉత్తరాన, ఫోర్‌హైమ్ జిల్లాలో ఉన్న గోస్‌వైన్‌ష్టైన్ అలాంటి పేటే. చుట్టుపక్కల పల్లెలన్నీ కలుపుకున్నా జనాభా నాలుగు వేల దరిదాపుల్లోనే. అంత చిన్న ఊళ్లో, కొండ మీది కోటకు దిగువన, జంట గోపురాల పెద్ద చర్చి, బసిలికా నిలబడి ఉంటుంది. తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ఒక్కటైన పరిశుద్ధ త్రిత్వం పేరిట 1730లో పునాది వేసి 1739 నాటికి పూర్తిచేసిన ఈ గుడికి నమూనా గీసినవాడు బల్తజార్ నోయ్‌మన్. యూరో రాకముందు జర్మనీలో చలామణీ అయిన చివరి వరుస 50 మార్కుల నోటు మీద ఉన్న బొమ్మ ఆయనదే.

ఎర్లాంగెన్, న్యూరెంబర్గ్‌లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి ఇది ఒక్క పూట ప్రయాణం. అయినా అక్కడికి వెళ్లి నిరాశగా తిరిగొచ్చినవాళ్లున్నారు. మొదటిసారి నేనూ అంతే. నవంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు చేరుకున్నాను. ఒక పూటకూళ్ల ఇంటికి సెలవు, రెండోదానిలో పొయ్యి ఆర్పేశారు. బస్సు కోసం చలిలో బిస్కెట్లు నములుతూ కూర్చున్నాను. ఆ ఊళ్లో మూడు గడియారాలు నడుస్తాయని తర్వాత తెలిసింది: గుడి గంట, వంటింటి గంట, బస్సు గంట. మన రోజును ఆ మూడింటికీ సర్దుకోవాలి గానీ, అవి మనకోసం సర్దుకోవు.

రోజును ఎంచుకోవడం

ముందు మీకు ఏది కావాలో తేల్చుకోండి. జనం కావాలంటే మే నుంచి అక్టోబరు దాకా ఏ వారాంతమైనా వెళ్లవచ్చు. కాలినడకన వచ్చే యాత్రికుల గుంపులు దిగేది ఆ నెలల్లోనే. అసలైన పండుగ త్రిత్వ ఆదివారం. ఈస్టర్‌తో కలిపి లెక్కిస్తే యాభయ్యో రోజున వచ్చే పెంతెకోస్తు పండుగకు ఆ మరుసటి ఆదివారం అది. ఏటా తేదీ మారుతుంది కాబట్టి క్యాలెండరు చూసుకోవాలి.

ప్రశాంతంగా గుడిని చూడాలనుకునేవారు మామూలు రోజున, పది పదకొండు గంటలకు చేరేలా వెళ్లడం మేలు. బవేరియా ఉత్తర భాగమైన ఈ ఫ్రాంకోనియా ప్రాంతంలో ప్రతి పూటకూళ్ల ఇంటికీ వారంలో ఒకటి రెండు రోజులు సెలవుంటుంది. దాన్ని ‘రూహెటాగ్’ అంటారు. ఎక్కువమందికి అది సోమవారమో మంగళవారమో అవుతుంది. ఆ రెండు రోజులు వదిలేస్తే సగం ఇబ్బంది తప్పుతుంది.

ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి. జర్మనీ అంతటా అంతే. యాత్రా స్థలాలు కాబట్టి కొవ్వొత్తులు, జపమాలలు అమ్మే కొట్లకు మాత్రం బవేరియాలో సడలింపు ఉంది. మంచినీళ్ల సీసా, పిల్లలకు కావలసిన చిరుతిండి ముందురోజే కొని పెట్టుకోండి.

చేరుకోవడం

న్యూరెంబర్గ్ నుంచి గానీ బాంబెర్గ్ నుంచి గానీ రైల్లో ఫోర్‌హైమ్ వరకు వెళ్లాలి. అక్కడ చిన్న రైలు పట్టుకుంటే ఎబర్‌మన్‌ష్టట్ దాకా తీసుకెళ్తుంది. స్టేషను దగ్గరే 389 నంబరు బస్సు ఎక్కితే గోస్‌వైన్‌ష్టైన్. ఎక్కడా ఆగిపోకపోతే న్యూరెంబర్గ్ నుంచి మొత్తం గంటన్నర పైచిలుకు. వారాంతాల్లో బస్సుల వేళలు వేరు కాబట్టి ఆ ప్రాంత రవాణా సంస్థ వీజీఎన్ యాప్‌లో తిరుగు ప్రయాణాన్ని ముందు చూసి, ఆ తర్వాతే వెళ్లే బండిని ఎంచుకోండి. చివరి బస్సు సమయాన్ని ఫోనులో దాచుకోవడం మరచిపోవద్దు. లోయలో సిగ్నలు అన్నిచోట్లా అందదు.

నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే ఐదుగురి వరకు చెల్లే బవేరియా టికెట్ లాభం. మామూలు రోజుల్లో అది ఉదయం తొమ్మిది గంటల నుంచే పనిచేస్తుంది. తొమ్మిదికి ముందు బండెక్కితే జరిమానా కడతారు. దేశమంతటా చెల్లే నెలవారీ పాసు డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవారికి ఈ బెంగ లేదు.

వేసవి ఆదివారాల్లో మరో దారి ఉంది, తీరిక ఉంటే నేను దానికే ఓటేస్తాను. ఎబర్‌మన్‌ష్టట్ నుంచి వీజెంట్ నది వెంబడి బేరింగర్స్‌మ్యూలె దాకా 16 కిలోమీటర్లు పాతకాలపు రైలు నడుస్తుంది. కొన్ని రోజుల్లో ఆవిరి ఇంజను, కొన్ని రోజుల్లో డీజిలు ఇంజను. మామూలు ప్రయాణికుల బండ్లు ఆగిపోయిన పట్టాల మీద రైలంటే ఇష్టమున్నవాళ్లు కలిసి నడుపుతున్నారు. దీనికి టికెట్ వేరు, పైన చెప్పిన టికెట్లు చెల్లవు. బేరింగర్స్‌మ్యూలె గోస్‌వైన్‌ష్టైన్ కిందే, లోయలో ఉంది. అక్కడి నుంచి పైకి నడకదారి.

కొండెక్కడం

మోకాళ్లు సహకరిస్తే నడిచే ఎక్కండి. అరగంట, మహా అయితే ముప్పావు గంట. ‘బీచ్’ అనే అడవి చెట్ల నీడ, మధ్యమధ్య తెల్లని సున్నపురాయి గుట్టలు. వాన పడితే రాళ్లు జారతాయి కాబట్టి పట్టున్న బూట్లు వేసుకోవాలి. యాత్రికులు శతాబ్దాలుగా ఈ ఊరికి చేరుకున్న తీరు ఇదే. లోయలో గుడి కనిపించదు, కోట కూడా కొమ్మల మధ్య నుంచి దోబూచులాడుతుంది. ఊపిరి ఎగదన్నేవేళకు ఊరి పైకప్పులు, వాటి మీదుగా జంట గోపురాలు ఎదురవుతాయి. బస్సు దిగితే ఆ గోపురాలు ముందే కనిపించేస్తాయి. ఎదురుచూపంటూ ఉండదు.

గుడిలోకి

తలుపు దాకా వెళ్లగానే మన కాళ్లు వాటంతట అవే చెప్పులు విప్పబోతాయి. వద్దు. ఇక్కడ ఎవరూ విప్పరు, చలిరోజుల్లో ఆ రాతి నేల మీద నిలబడలేరు కూడా. మగవాళ్లు తలమీది టోపీ తీయాలి. భుజాలు, మోకాళ్లు కప్పిన బట్టలు వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. లోపల తలుపు పక్కన రాతి తొట్టెలో నీళ్లుంటాయి. విశ్వాసులు వేలు ముంచి సిలువ గుర్తు వేసుకుంటారు. మీరు వేసుకోకపోతే అడిగేవారు లేరు. ఆ నీళ్లతో చేతులు మాత్రం కడుక్కోవద్దు, నా కళ్లముందే ఒక పెద్దాయన ఆ పని చేశారు.

లోపలికి అడుగుపెట్టగానే ముందుకు వెళ్లిపోకండి. చివరి బల్ల మీద కూర్చుని కళ్లు వెలుగుకు అలవాటు పడనివ్వండి. వెలుగు అని కావాలనే అంటున్నాను. పాత గుడులంటే చీకటిగా ఉంటాయనుకుని వచ్చేవారికి ఇక్కడ మొదటి ఆశ్చర్యం అదే. పెద్ద కిటికీల నుంచి పగటి వెలుతురు తెల్లని గోడల మీద పడి చెదురుతుంది. గోడల మీద, కమానుల అంచుల్లో తీగలు, ఆకులు, చిన్నారి దేవదూతల ముఖాలు. వాటిని రాతిలో చెక్కలేదు. సున్నం, జిప్సం కలిపిన ముద్దను తడి ఆరకముందే గోడమీదే మలిచారు. మన ఇళ్లలో పాత మేస్త్రీలు దూలాల కింద గచ్చుతో పువ్వులు దిద్దేవారు, గుర్తుందా? పని తీరులో దానికి దగ్గరి చుట్టం. పైకప్పు మీది చిత్రాలు మాత్రం గుడి వయసువి కావు, ఇరవయ్యో శతాబ్దంలో వేసినవి.

నోయ్‌మన్ మొదట నేర్చింది గంటలు, ఫిరంగులు పోతపోసే పని. తర్వాత సైన్యంలో ఇంజినీరయ్యాడు, ఆ తర్వాతే వ్యూర్ట్స్‌బుర్గ్ రాజభవనం వంటి కట్టడాలకు ఎదిగాడు. ఈ గుడి పని అప్పగించినది బాంబెర్గ్, వ్యూర్ట్స్‌బుర్గ్ రెండింటికీ పాలకుడూ బిషప్పూ అయిన ఫ్రీడ్రిష్ కార్ల్ ఫాన్ షోన్‌బోర్న్. వచ్చే జనానికి పాత గుడి చాలకపోవడమే దానికి కారణం. 1948లో పోపు దీనికి బసిలికా అనే గౌరవం ఇచ్చారు.

ఇప్పుడు ముందుకు నడవండి. ప్రధాన బలిపీఠం మీద ఉన్న శిల్పాలే ఈ యాత్రకు మూలం. తండ్రి, కుమారుడు, పావురం రూపంలో పవిత్రాత్మ కలిసి మరియమ్మకు కిరీటం పెడుతున్న దృశ్యం. అవి ఈ గుడి కన్నా పాతవి, మధ్యయుగాల గోతిక్ శైలి కాలం చివరివి. చుట్టూ ఉన్న బంగారు హంగామాలో కన్ను వాటిని దాటిపోతుంది. ఒక్క నిమిషం నిలబడి వెతికితే దొరుకుతాయి.

కొవ్వొత్తి వెలిగించాలనుకుంటే పక్కనే డబ్బా ఉంటుంది. దానిమీద రాసిన ధర ప్రకారం నాణేలు వేసి, కొవ్వొత్తి తీసుకుని, వెలుగుతున్న మరోదాని మంటతో అంటించాలి. చిల్లర జేబులో ఉంచుకోండి, ఆ డబ్బా చిల్లర తిరిగివ్వదు. ఫొటోలకు ఫ్లాష్ వాడొద్దు. పూజ జరుగుతుంటే ఫోను లోపలే పెట్టేయాలి.

పూజవేళ, యాత్రికులు వచ్చేవేళ

పూజలో కూర్చోవాలనిపిస్తే నిరభ్యంతరంగా కూర్చోవచ్చు. వెనక వరసలో ఉండి, అందరూ లేచినప్పుడు లేవండి. మధ్యలో ఒకచోట పక్కవాళ్లు మీవైపు తిరిగి చెయ్యి చాపుతారు. అది శాంతి పలకరింపు, మీరూ చెయ్యి కలపండి. కతోలికులు కానివారు ఫాదర్ పంచే పవిత్ర రొట్టె (దివ్యసత్ప్రసాదం) కోసం ముందుకు వెళ్లకూడదు, బల్ల దగ్గరే ఉండిపోవాలి.

యాత్రికుల గుంపు వచ్చే పూట గుడి మెట్ల పక్కన నిలబడి చూడండి. ముందు సిలువ, దాని వెనక జెండాలు, ఆ వెనక ఇత్తడి వాయిద్యాల బృందం. తర్వాత దుమ్ముకొట్టిన బూట్లతో ముసలివాళ్లు, బడిపిల్లలు, చేతికర్రలు పట్టుకున్న నడివయసువాళ్లు. ఒకరు ప్రార్థన ముందు చెబుతుంటే మిగిలినవారు బదులు పలుకుతారు. ఫాదర్ తలుపు దగ్గరికి ఎదురువచ్చి లోపలికి తీసుకెళ్తారు. విజయవాడ గుణదల మాత కొండ దగ్గర ఫిబ్రవరి ఉత్సవాలు చూసినవారికి ఇందులో చాలా భాగం తెలిసినట్టే అనిపిస్తుంది. కొబ్బరికాయ, తలనీలాలు లేవు, వాయిద్యం వేరు. దారికి అడ్డం నిలబడి ఫొటోలు తీయొద్దు. రెండు రోజులు నడిచి వచ్చినవాళ్లకు ఆ చివరి యాభై అడుగులు చాలా విలువైనవి.

గుడి దగ్గరే యాత్రా మ్యూజియం ఉంది. చిన్నది, అరగంట చాలు. నన్ను నిలబెట్టేసినవి అక్కడి మైనపు ముడుపులు. జబ్బు నయమైతే ఆ అవయవాన్ని మైనంతో చేసి దేవుడికి సమర్పించేవారట. మన గుళ్లలో వెండి కళ్లు, వెండి పాదాలు ఇచ్చుకోవడం తెలిసినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. మ్యూజియం రోజూ తెరవరు, కాబట్టి వేళలు ముందే చూసుకోండి.

భోజనం

పన్నెండున్నర లోపు బల్ల దగ్గర కూర్చోండి. చాలాచోట్ల రెండింటికి పొయ్యి ఆర్పేస్తారు, మళ్లీ సాయంత్రమే. లోపలికి వెళ్తూ ‘గ్రూస్ గాట్’ అంటే ఆ ప్రాంతపు నమస్కారం. ఖాళీగా ఉంది కదా అని ‘ష్టామ్‌టిష్’ అని రాసిన పెద్ద బల్ల దగ్గర కూర్చోకూడదు, అది రోజూ వచ్చే ఊరివాళ్ల సొంతం. కార్డు తీసుకోనిచోట్లు ఇంకా ఉన్నాయి. మనిషికి ముప్పై నలభై యూరోలు నోట్లుగా పెట్టుకోవడం మంచిది.

మాంసం తినేవారికి చింత లేదు. పంది భుజం వేపుడు షాయ్‌ఫెర్లా ఇక్కడి గొప్ప వంటకం, వీజెంట్ నది ట్రౌట్ చేప కూడా దొరుకుతుంది. శాకాహారులకే జాగ్రత్త కావాలి. బంగాళాదుంప కుడుము ‘క్లోస్’ అమాయకంగా కనిపిస్తుంది గానీ దాని మీద పోసే పులుసు మాంసం ఉడికించిన నీళ్లతో చేసినది. బంగాళాదుంపల సలాడులోనూ పంది కొవ్వు ముక్కలు దాక్కుని ఉంటాయి. ‘ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్’ అని అడగండి. మాంసమూ వద్దు, ఆ కొవ్వు ముక్కలూ వద్దని. పులుసు సంగతి విడిగా అడగాలి. ఛీజు కలిపిన నూడుల్స్ ‘కేజెష్పెట్స్‌లె’ చాలాచోట్ల ఉంటుంది. మన నాలుకకు చప్పగా తోస్తుంది. చిన్న పొట్లంలో కారప్పొడి తీసుకెళ్లిన స్నేహితురాలిని నేను ఆ పూట మనసారా మెచ్చుకున్నాను.

మధ్యాహ్నం, తిరుగు ప్రయాణం

కోట ప్రైవేటు వ్యక్తులది, వేసవి నెలల్లో సందర్శకులను రానిస్తారు. ఇప్పుడు కనిపించే రూపం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దిద్దినది. లోపలి గదుల కన్నా బయటి నుంచి కనిపించే లోయే బాగుంటుందని నా అభిప్రాయం. దానికి టికెట్ అక్కర్లేదు, అడవిదారిన మరియన్‌ఫెల్సెన్ అనే రాతిగుట్ట దాకా నడిస్తే చాలు.

ఇంకా సమయం ఉంటే అదే 389 బస్సు ట్యూకర్స్‌ఫెల్డ్ మీదుగా పోటెన్‌ష్టైన్ వెళ్తుంది. ట్యూకర్స్‌ఫెల్డ్‌లో నిటారు రాతిస్తంభాలకు ఆనుకుని ఇళ్లు కట్టుకున్నారు. పోటెన్‌ష్టైన్‌లో టాయ్‌ఫెల్స్‌హోలె గుహ ఉంది, లోపల ఎండాకాలమైనా చలే. ట్యూకర్స్‌ఫెల్డ్, పోటెన్‌ష్టైన్ రెండూ ఒకే రోజు పెట్టుకుంటే దేనికీ న్యాయం జరగదు.

చివరి బస్సుకు పది నిమిషాల ముందే స్టాపులో ఉండండి. తప్పిపోతే భోజనం చేసిన చోటికే వెళ్లి అడగండి, టాక్సీ పిలిచి పెడతారు. ఎబర్‌మన్‌ష్టట్ దాకా ఎంతవుతుందో మాత్రం ఎక్కే ముందే తేల్చుకోండి.