ఏడాది పుస్తక లక్ష్యం: జనవరిలో పెట్టుకున్నది జూలై దాటాలంటే

"ఈ ఏడాది యాభై పుస్తకాలు చదువుతాను" అని జనవరి ఒకటిన చెప్పినవాళ్లని మార్చిలో ఎంతవరకు వచ్చిందని అడిగి చూడండి. మాట మార్చేస్తారు. వాళ్లకి చదవడం చేతకాకేం కాదు. జనవరిలో పండగ సెలవులుంటాయి, చలికి దుప్పటి కప్పుకుని చదువుకోబుద్ధేస్తుంది, ఉత్సాహానికి లోటుండదు. ఆ వారంలో ఉన్న మనిషిని చూసుకుని అంకె వేసేసుకుంటాం. తీరా చదవాల్సింది జూలైలో ఉన్న మనిషి. బయట వాన, రోడ్ల మీద ట్రాఫిక్, పిల్లల ఫీజుల టెన్షన్, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఆ మనిషి మోయగలిగినంత అంకే పెట్టుకోవాలి. కింద చెప్పే పద్ధతంతా ఆ జూలై మనిషి కోసమే.

మొదలుపెట్టడానికి జనవరి ఒకటే రానక్కర్లేదు. ఉగాది అయినా, పుట్టినరోజైనా, వచ్చే సోమవారమైనా పర్వాలేదు. అక్కణ్నుంచి పన్నెండు నెలలు లెక్కేసుకుంటే చాలు.

1. ముందు మీ వేగం ఎంతో చూసుకోండి

మామూలు పనిరోజు ఒకటి ఎంచుకోండి. ఫోను పక్కగదిలో పెట్టి, ఇప్పుడు మీరు నిజంగా చదువుతున్న పుస్తకం తీసి 20 నిమిషాలు చదవండి. ఎన్ని పేజీలయ్యాయో ఒక కాగితం మీద రాసుకోండి. వేర్వేరు రోజుల్లో మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే ఒకరోజు 18 రావచ్చు, ఒకరోజు 12 రావచ్చు. చాలామంది సగటు తీస్తారు. నేనైతే తక్కువ వచ్చిన అంకెనే తీసుకోమంటాను, ఎందుకంటే అది అలసిపోయిన రోజు అంకె, ఏడాదిలో అలాంటి రోజులే ఎక్కువ.

తెలుగుకీ ఇంగ్లీషుకీ వేగం విడివిడిగా చూసుకోవాలి. ఇంగ్లీషు మీడియంలో చదువుకుని, ఇప్పుడు తెలుగు పుస్తకాలు చదువుదామనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. మొదట్లో తెలుగు పేజీకి ఇంగ్లీషు పేజీ కంటే బాగా ఎక్కువసేపు పడుతుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నట్టే ఉంటుంది. కొన్ని వారాలు రోజూ చదివితే కంటికి అలవాటు పడుతుంది. ఆ కొన్ని వారాలూ గ్రాంథికం జోలికి పోకుండా, మాట్లాడే భాషలో ఉన్న చిన్న కథలు చదవండి.

ఇంకో చిక్కు ఏమిటంటే, అన్ని పేజీలూ ఒకటి కావు. కాస్త పెద్దదైన డెమీ సైజు పుస్తకంలో పేజీకి పట్టినంత మాటర్ చిన్నదైన క్రౌన్ సైజులో పట్టదు. పాత ప్రచురణల్లో అక్షరాలు సన్నగా, వరసలు ఇరుకుగా ఉంటే వేగం ఇంకా పడిపోతుంది. మరీ పట్టించుకోనక్కర్లేదు కానీ, ఒక పుస్తకం నత్తనడక నడుస్తుంటే తప్పు మీదే అనుకోకుండా ఒకసారి అచ్చు వైపు కూడా చూడండి.

2. ఏడాదిలో మీకు దొరికే రోజులెన్ని?

గోడ క్యాలెండర్ దించి పెన్సిలుతో కొట్టేయడం మొదలుపెట్టండి. సంక్రాంతికి ఊరెళ్లే రోజులు. పిల్లల పరీక్షలు. బ్యాంకుల్లో, అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకి మార్చి ఆఖరి పదిహేను రోజులు. ఎండాకాలం పెళ్లిళ్లు. ఇంట్లో క్రికెట్ పిచ్చి ఉంటే ఐపీఎల్ రాత్రులు. ఏడున్నరకి టీవీ పెట్టాక ఆ హాల్లో కూర్చుని ఎవరు చదవగలరు? దసరా, దీపావళి. ఒకటి రెండు జ్వరాలు.

ఇవన్నీ పోగా 300 రోజులు మిగిలాయనుకుందాం. రోజుకి 20 నిమిషాల్లో 12 పేజీలంటే 3,600 పేజీలు. మీరు చదివే పుస్తకాలు సుమారు 200 పేజీలుంటే 18 పుస్తకాలవుతాయి. కాగితం మీద పెన్సిలుతో 15 అని రాయండి. ఆ వదిలేసిన మూడు పుస్తకాలు 600 పేజీలు, అంటే మీ వేగానికి 50 రోజుల చదువు. ఏడాది మధ్యలో ఒక నెల పూర్తిగా ఎగిరిపోయినా తట్టుకునే వెసులుబాటు అదే.

పదిహేనేనా అని చిన్నబుచ్చుకోకండి. బడి వదిలాక పుస్తకం ముట్టనివాళ్లు ఆరుతో మొదలుపెట్టినా చాలు.

3. దేన్ని లెక్కపెట్టాలో తేల్చుకోండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుదాం.

పుస్తకాల సంఖ్యనే లక్ష్యంగా పెట్టుకుంటే నవంబర్ వచ్చేసరికి చెయ్యి దానంతటదే పలచటి పుస్తకం వైపు వెళ్తుంది. 90 పేజీల పుస్తకమూ ఒకటే, వెయ్యి పేజీల నవలా ఒకటే అయినప్పుడు పెద్ద నవల జోలికి ఎవరు పోతారు? ఏళ్లతరబడి చదవాలనుకుంటున్న లావుపాటి పుస్తకాన్ని మనం పెట్టుకున్న లక్ష్యమే పక్కకి నెట్టేస్తుంది. అందుకని రోజువారీ లెక్క పేజీల్లోనో నిమిషాల్లోనో పెట్టుకుని, పుస్తకాల సంఖ్య ఏడాది చివర చూసుకోవడానికి ఉంచుకోండి.

కొత్తగా అలవాటు చేసుకునేవాళ్లకి నిమిషాలే మేలు. "రోజూ 20 నిమిషాలు" అంటే ఎంత కష్టమైన పుస్తకమైనా భయం ఉండదు. కవిత్వానికి కూడా నిమిషాలే సరిపోతాయి. ఒకే పద్యం దగ్గర పావుగంట ఆగిపోతే పేజీల లెక్కలో అది సున్నా.

ఒకే పెద్ద పని పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఉదాహరణకి కవిత్రయ భారతం. 18 పర్వాలు కదా, నెలకి ఒకటిన్నర అని వేసుకుంటే పప్పులో కాలేసినట్టే. పర్వంలో ఒక్కో అధ్యాయాన్ని ఆశ్వాసం అంటారు. మౌసల పర్వం ఒకే ఆశ్వాసం. శాంతి పర్వం ఆరు, ఆది పర్వం ఎనిమిది. పర్వాలతో కాకుండా ఆశ్వాసాలతో లెక్కేస్తే మొత్తం 63 వస్తాయి. వారానికి ఒకటి చొప్పున దాదాపు పద్నాలుగున్నర నెలలు. అంటే ఇది ఏడాది పని కాదని చేతిలోకి తీసుకోకముందే తేలిపోయింది. అప్పుడు "ఈ ఏడాది ఆది నుంచి ఉద్యోగ పర్వం దాకా" అని, అంటే 26 ఆశ్వాసాలు, రెండు వారాలకి ఒకటి అని పెట్టుకోవచ్చు. ఏ పెద్ద పుస్తకాన్నయినా ఇలాగే, దానికి సహజంగా ఉన్న భాగాలతోనే కొలుచుకోండి.

ఆడియో పుస్తకాలు లెక్కలోకి వస్తాయా అని అడుగుతుంటారు. దాసుభాషితం లాంటి యాప్‌లో బస్సులోనో, వంట చేస్తూనో శ్రద్ధగా విన్నది నా లెక్కలో చదివినదే. వింటూ వాట్సాప్ చూసుకుంటే మాత్రం రాదు. విన్నవాటికి నోట్‌బుక్‌లో వేరే గడి గీసుకుంటే తగువే లేదు.

4. జాబితా సగమే నింపండి

హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబర్‌లో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో. సరిగ్గా మనం లక్ష్యాలు పెట్టుకునే ఊపులో ఉన్నప్పుడే. రెండు చేతులా సంచులతో బయటికొస్తాం, అక్కడ కొన్నవన్నీ ఏడాది జాబితాలో ఎక్కించేస్తాం. ఏప్రిల్‌లో మనసు ఇంకోదాని మీదకి పోతే ఆ జాబితా సిలబస్‌లా కనిపించడం మొదలవుతుంది.

లక్ష్యం 15 అయితే ఏడో ఎనిమిదో పేర్లు మాత్రమే రాయండి. అందులో కనీసం సగం ఇప్పటికే మీ బీరువాలో ఉన్నవై ఉండాలి. మిగతా గడులు ఖాళీగా ఉంచండి. ఎవరో చెప్పినవి, అనుకోకుండా దొరికినవి వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో దొరికేవి ఏ జాబితాలోనూ ముందుగా రాసుకోలేం కదా.

ఊళ్లో గ్రంథాలయాన్ని మర్చిపోకండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఎలాగూ కడుతున్నాం, సభ్యత్వం తీసుకోకపోవడం మన డబ్బు మనమే వదులుకోవడం. పైగా తెచ్చిన పుస్తకం గడువులోగా తిరిగివ్వాలి కాబట్టి ఎవరూ అదిలించకుండానే పూర్తవుతుంది. కొన్న పుస్తకానికి ఆ భయం ఉండదు, అందుకే అది ఏళ్లకేళ్లు అలా పడి ఉంటుంది.

విదేశాల్లో ఉన్నవాళ్ల ఇబ్బంది వేరు. ఊరి నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో పచ్చళ్లతో పోటీపడి మూడో నాలుగో పుస్తకాలు పడతాయి. మిగతాది ఈబుక్కులతో, ఆర్కైవ్ సైట్‌లో (archive.org) ఉన్న పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లతో నెట్టుకురావాలి. ఆ స్కాన్‌లు ఫోన్‌లో చదివితే కళ్లు లాగుతాయి. ట్యాబ్ ఉంటే నయం.

5. చదివే వేళని ఉన్న అలవాటుకి తగిలించండి

"ఖాళీ దొరికినప్పుడు చదువుతా" అంటే ఎప్పటికీ చదవరు. పొద్దున కాఫీ, మెట్రోలో కూర్చునే అరగంట, పిల్లని ట్యూషన్ దగ్గర దింపి వెయిట్ చేసే టైమ్, ఇలా రోజూ తప్పకుండా వచ్చేది ఒకటి పట్టుకోండి. పుస్తకం ఆ చోటే ఉండాలి. కాఫీ తాగే కుర్చీ పక్కన ఒకటి, బ్యాగులో ఒకటి. రాత్రి ఫోను హాల్లో ఛార్జింగ్ పెట్టి పడగ్గదిలోకి వెళ్తే పది పేజీలు దొరుకుతాయి. పడుకుని చదివితే మూడో పేజీకే నిద్రపట్టేవాళ్లు రాత్రిని అసలు లెక్కలోకే తీసుకోవద్దు.

6. లెక్క రాయండి, కానీ అదే పనిగా వద్దు

పాల లెక్క రాసే క్యాలెండర్‌లోనే ఆ రోజు గడిలో ఆగిన పేజీ నంబర్ వేసినా సరిపోతుంది. కాస్త ఎక్కువ కావాలంటే చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. అందులో ఒక పేజీ ఇలా ఉంటుంది:

జూలై 7: 96 – 108
జూలై 8: లేదు. ఆఫీసు లేటు.
జూలై 9: 108 – 113. కరెంటు పోయింది. మామ్మ పాత్ర భలే ఉంది.
జూలై 10: 113 – 131

"లేదు" అని రాసిన రోజే ఎక్కువ పనికొస్తుంది. రెండు నెలలయ్యాక వెనక్కి తిప్పితే మీకు ఏ వారాలు కుదరట్లేదో, ఎందుకు కుదరట్లేదో అక్కడే ఉంటుంది. మంగళవారాలన్నీ "లేదు" అయితే మంగళవారాన్ని లక్ష్యంలోంచి తీసేయండి.

ఫోన్‌లో కావాలంటే చదివిన పుస్తకాల లెక్క రాసుకునే గుడ్‌రీడ్స్ యాప్ ఉంది. ఏడాది సంఖ్య పెట్టుకుంటే మీరు అనుకున్నదానికి ఎన్ని పుస్తకాలు వెనకున్నారో చెబుతుంది. అది కొందరికి ఉత్సాహం, కొందరికి తలనొప్పి. తెలుగు పుస్తకాలు చాలా అందులో కనిపించవు, మనమే ఎక్కించుకోవాలి. నోట్‌బుక్కుకి ఆ బెడద లేదు.

7. వెనకబడినప్పుడు

వెనకబడతారు, అందులో అనుమానం లేదు. అప్పుడు చేయకూడనిది ఒకటుంది: పోయిన పేజీలన్నీ రేపటి మీద వేసి, 12 బదులు 40 చదవాలని కూర్చోవడం. రెండు రోజులు చదువుతారు, మూడో రోజు పుస్తకం చూస్తేనే విసుగొస్తుంది. పోయినవి పోయాయనుకుని రేపు మళ్లీ పన్నెండే చదవండి.

ముందు అసలు కారణం చూడండి. తొంభై పాళ్లు చేతిలో ఉన్న పుస్తకమే అడ్డం పడుతుంటుంది. యాభై పేజీలయ్యాక కూడా చదవాలనిపించకపోతే పక్కన పెట్టేయండి. ఎంత పేరున్నదైనా సరే. చదివిన యాభై పేజీలూ పేజీల లెక్కలో వేసుకోండి, నష్టమేమీ లేదు.

నెలల తరబడి పుస్తకం పట్టలేని స్థితి వస్తే కథల మీద పడండి. ఒక కథ ఒక కూర్చోడంలో అయిపోతుంది, అయిపోయిందన్న తృప్తి మళ్లీ దారిలో పెడుతుంది. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం సేకరణలోంచి చాలా కథలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే చదువుకోవచ్చు. పాత పత్రికల పేజీల్లో ఉన్నది ఉన్నట్టు. పదిహేను రోజులు రోజుకో కథ చదివి చూడండి.

తోడు దొరికితే ఇంకా తేలిక. పెద్ద బృందం అక్కర్లేదు, ఇంట్లోనే ఒకరు చాలు. వదినా మరదళ్లు ఒకే నవల మొదలుపెడితే ఫోన్ సంభాషణ ఇలా ఉంటుంది:

"వదినా, ఎక్కడిదాకా వచ్చావు?"

"నూట పదో పేజీ. నువ్వు ముందుకెళ్లిపోయుంటే నాకేం చెప్పకు."

"చెప్పను. నూట నలభై దాటాక ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే."

ఆ ముప్పై పేజీలు ఆ రాత్రే అవుతాయి.

జూన్ ఆఖరికి అంకె మళ్లీ చూడండి. 15 అనుకుని ఆరు నెలల్లో 5 చదివారా? అయితే మిగిలిన ఆరు నెలలకీ 5 వేసుకుని, ఒకటి కలిపి, లక్ష్యాన్ని 11కి దించండి. పెన్సిలుతో రాయమన్నది ఇందుకే. కొందరికి ఇది ఓడిపోయినట్టు అనిపిస్తుంది. దించకుండా పట్టుబట్టినవాళ్లు ఆగస్టులో మొత్తం మానేయడమే నేను ఎక్కువగా చూశాను.

8. డిసెంబర్‌లో చేసే పని

ఆఖరి వారంలో సంఖ్య కోసం పరుగులు పెట్టకండి. సగంలో ఉన్న పుస్తకం ఏ ఏడాది ఖాతాలోకి వస్తుందంటే, పూర్తయిన ఏడాది ఖాతాలోకి. చదివిన పేజీలు మాత్రం ఈ ఏడాదివే.

నోట్‌బుక్ తీసి ఒక గంట కూర్చోండి. మొత్తం పేజీలు కూడండి. ఎన్ని రోజులు చదివారో లెక్కపెట్టండి. మొదట్లో 300 అనుకున్నది 210 అయ్యుండొచ్చు. అలా అయితే వచ్చే ఏడాదికి లెక్క 210తో వేయాలి. ఏ పుస్తకాలు వదిలేశారో చూసి, మళ్లీ ముట్టుకోరని తేలినవి ఎవరికైనా ఇచ్చేయండి. రాసుకుని కూడా తెరవని పేర్లు రెండో మూడో ఉంటాయి. వాటిలో ఇప్పటికీ చదవాలనిపించేది ఒక్కటి కొత్త జాబితాలో మొదటి గడిలో రాసి, మిగతావి కొట్టేయండి.