మూసీ పాత పటాన్ని నేటి నేల మీద సరిగ్గా పరచడం ఎలా?

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత, 1912–15 ప్రాంతంలో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ సర్వే జరిగింది. ఆ షీట్లను నేటి పటం మీద పరచి నది ఎక్కడెక్కడ కుంచించుకుపోయిందో చూడటానికి ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ చాలు. బటన్లు నొక్కడం అరగంటలో వచ్చేస్తుంది. ఆనవాళ్లు, అంటే పాత పటంలోనూ నేటి పటంలోనూ కదలకుండా ఉన్న చోట్లు, ఎంచుకోవడంలోనే ఉంది పనంతా.

షీటును ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) టిఫ్ ఫైలుగా తీయండి. ఫోన్ ఫొటో అంచుల్లో వంగుతుంది. స్కేలు అంగుళానికి 50 అడుగులైతే ఒక్కో పిక్సెల్ నేల మీద 5 సెంటీమీటర్లు. అంగుళానికి మైలు చొప్పున వేసిన టోపో షీటులో అదే పిక్సెల్ 5.4 మీటర్లు. అంతకు మించిన కచ్చితత్వం ఆశించకండి.

క్యూజీఐఎస్‌లో నేటి పటంగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి, ప్రాజెక్టు కోఆర్డినేట్ పద్ధతిని ఈపీఎస్‌జీ 32644కి (హైదరాబాద్ పడే యూటీఎం జోన్, మీటర్లలో కొలుస్తుంది) మార్చండి. వెబ్ పటాలు వాడే 3857లోనే వదిలేస్తే హైదరాబాద్ దగ్గర సమతల దూరాలు దాదాపు 5 శాతం ఎక్కువ చూపిస్తాయి. తర్వాత లేయర్ మెనూలో జియోరిఫరెన్సర్ (పాత వెర్షన్లలో రాస్టర్ మెనూలో ఉంటుంది) తెరవండి. స్కాన్ చేసిన షీటు మీద ఒక్కో ఆనవాలునూ నేటి పటంలోని అదే చోటుకు పాయింటుగా గుచ్చేది ఇందులోనే.

ఇక ఆనవాళ్లు. పురానాపూల్ ఉన్న షీటైతే వంతెన రెండు కొసలు, చార్మినార్ ఉన్న షీటైతే కట్టడం మూలలు, మక్కా మసీదు గోడ మూలలు. అయితే చార్మినార్ నాలుగు మూలలూ కలిపి లెక్కకు ఒక్క ఆనవాలే. 20 మీటర్ల చదరంలో నాలుగు పాయింట్లు గుచ్చితే అక్కడ చక్కగా కూర్చుంటుంది, షీటు అవతలి అంచు మాత్రం పక్కకు తిరిగిపోతుంది. నాలుగు అంచులకూ, నడిమికీ పరిచి 10 తీసుకోండి. రోడ్ల మలుపులు నమ్మకండి: 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టి లాంటి దారులను వెడల్పు చేసింది. నది గట్టునైతే అసలు ముట్టుకోవద్దు. కొలవబోయేది దాన్నే కదా! పాత గట్టును నేటి గట్టుకు గుచ్చితే వందేళ్ల మార్పు మన చేతులతోనే చెరిపేసినట్టు.

ట్రాన్స్‌ఫర్మేషన్ (షీటును నేల మీద సర్దే పద్ధతి) పాలినోమియల్ 1 పెట్టండి. కాగితం నిలువుకూ అడ్డానికీ వేర్వేరుగా కుంచించుకుపోయినా ఇది సర్దుకుంటుంది. 3 పాయింట్లతోనే పని చేస్తుంది, కానీ అప్పుడు రెసిడ్యువల్ (గుచ్చిన చోటుకూ పటం కూర్చున్న చోటుకూ తేడా) సున్నా వస్తుంది. అది కచ్చితత్వం కాదు, పోల్చడానికి నాలుగోది లేకపోవడం. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే మరో పద్ధతిలోనూ అంతే: ప్రతి పాయింటు గుండా పటాన్ని సాగదీస్తుంది కాబట్టి తప్పు పాయింటూ ఒప్పులాగే కనబడుతుంది. షీటు మడతలు పడి ఉంటేనే దాన్ని వాడండి.

అందుకే మరో 3 ఆనవాళ్లు గుచ్చకుండా పక్కన పెట్టుకోండి. పరిచాక లేయర్‌ను 50 శాతం పారదర్శకం చేసి, ఆ మూడు చోట్ల పాత గోడకూ నేటి గోడకూ మధ్య ఎడం కొలవండి. అది 4 మీటర్లు వస్తే, గట్టు 3 మీటర్లు జరిగిందని మీరు రాయలేరు. గట్టు గీతను జియోప్యాకేజీ (గీతలనూ వాటి వివరాలనూ దాచే ఫైలు)లో గీసేటప్పుడు ప్రతి గీతకూ షీటు నంబరుతో పాటు ఈ ఎడాన్నీ ఒక ఫీల్డులో నింపండి. గుచ్చిన ఆనవాళ్లు ఉండే పాయింట్స్ ఫైలును కూడా భద్రపరచండి. రేపు ఒక ఆనవాలు తప్పని తేలితే మొత్తం మళ్లీ గుచ్చనక్కర్లేదు.